కిరణానికి కాటా: త్రాంబే నుంచి పెన్నా తీరం దాకా

కొలతల కథ – 9వ భాగం

గత భాగం ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల దగ్గర ఆగింది. అంగట్లోని తూనిక రాయిని తూనికలు, కొలతల శాఖ తన దగ్గరున్న రాయితో సరిచూసి ముద్ర వేస్తుంది. శాఖ రాయిని అంతకన్నా పై స్థాయి రాయితో సరిచూస్తారు. అలా మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోతే చివరికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వస్తుంది. కూతురి పెళ్లికి నాలుగు తులాలు కొనే తల్లికి ఈ మెట్లేవీ కనబడవు. ఆమె చూసేది కాటా మీది అంకెనే. ఆ అంకెను నమ్మి డబ్బు లెక్కపెడుతుంది.

ఈ భాగం అంతకన్నా పెద్ద నమ్మకం గురించి. పులివెందుల పక్క పల్లె రైతుకు నోటి క్యాన్సర్ అని తేలిందనుకుందాం. డాక్టరు రోజుకు 2 గ్రేల చొప్పున 35 విడతలు, మొత్తం 70 గ్రేలు ఇవ్వాలని చీటీ మీద రాస్తాడు. ఊళ్లో దాన్నే ‘కరెంటు పెట్టడం’ అంటారు. బల్ల మీద పడుకున్న మనిషికి కిరణం కనబడదు, వినబడదు, వాసన రాదు. ఒక గ్రే అంటే కిలో శరీరంలో ఒక జౌల్ శక్తి చేరడం. 2 గ్రేలు పడిన చోట కండ వేడి డిగ్రీలో దాదాపు రెండువేలవ వంతు పెరుగుతుంది, అంతే. చర్మానికి అది తెలిసే దారే లేదు. అంత సూక్ష్మమైన దాన్ని ఇంత అని ఎలా చెబుతున్నారు? ఆ కాటాకు ముద్ర వేసేది ఎవరు?

1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్ది నెలలకే వైద్యులు వాటితో చికిత్స మొదలుపెట్టారు. కొలిచే సాధనం మాత్రం వాళ్ల చేతిలో లేదు. చర్మం ఎర్రబడిందంటే డోసు చాలినట్టు. తొలితరం వైద్యుల్లో కొందరు యంత్రం బాగా పనిచేస్తోందో లేదో చూడటానికి సొంత చేతినే అడ్డం పెట్టారు. ఆ చేతులకు పుండ్లు పడ్డాయి, వేళ్లు పోయాయి, కొందరికి ప్రాణాలే పోయాయి. 1904లో ఫ్రాన్సులో సాబురో, న్వారే అనే ఇద్దరు బేరియం ప్లాటినోసైనైడ్ బిళ్లలను వాడుకలోకి తెచ్చారు. కిరణం తగిలితే ఆకుపచ్చ బిళ్ల గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కన నమూనా రంగు పెట్టుకుని పోల్చి చూడాలి. గదిలో వెలుతురు మారినా, చూసే కన్ను మారినా కొలత మారిపోయేది. ఒక ఆసుపత్రిలో ‘ఒక డోసు’కూ ఇంకో ఆసుపత్రిలో ‘ఒక డోసు’కూ పొంతన ఉండేది కాదు. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాని కాలం అది.

దారి చూపింది గాలి. కిరణం గాలిలోంచి పోతే గాలి అణువులు విద్యుదావేశాన్ని పొందుతాయి. ఆ ఆవేశాన్ని పోగుచేసి కొలిస్తే కిరణాన్ని కొలిచినట్టే. 1928లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ రేడియాలజీ మహాసభ ఈ సూత్రం మీదే ‘రాంట్‌జెన్’ అనే కొలమానాన్ని ఒప్పుకుంది. అప్పటిదాకా కంటికీ చర్మానికీ వదిలేసిన పని అంకెల చేతికి వచ్చింది.

తనంతట తానే కిరణాలు వెదజల్లే రేడియానికి మాత్రం కొలమానం కట్టే పని అంతకుముందే జరిగింది. 1910లో బ్రస్సెల్స్‌లో కూడిన శాస్త్రవేత్తలు రేడియానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం కావాలని తీర్మానించి, తయారుచేసే బాధ్యత మేరీ క్యూరీకి అప్పగించారు. 1911 ఆగస్టులో ఆమె 21.99 మిల్లీగ్రాముల శుద్ధమైన రేడియం క్లోరైడును సన్నని గాజు గొట్టంలో పోసి మూసింది. మరుసటి ఏడు వియన్నాలో విడిగా తయారైన ప్రమాణాన్ని ప్యారిస్‌కు తెచ్చి పక్కన పెట్టి పోల్చారు. రెండూ సరిపోయాయి. ఆ గాజు గొట్టం ప్యారిస్ పక్కనే సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయానికి చేరింది. అసలు కిలోగ్రామును కూడా అప్పట్లో దాచింది అక్కడే. క్యూరీ ప్రయోగశాలలో కొలతలకు ఒక ప్రత్యేక విభాగమే నడిచింది. బయటి నుంచి వచ్చిన రేడియం గొట్టాలను కొలిచి, ఇంత ఉందని ధ్రువపత్రం ఇచ్చి పంపేది.

సరిగ్గా ఆ ప్రయోగశాలలోకే రాయలసీమ మనిషి ఒకరు అడుగుపెట్టారు. ఆయన పేరు రామయ్య నాయుడు, 1904లో మదనపల్లెలో పుట్టారు. 1930ల మొదట్లో ప్యారిస్‌లో మేరీ క్యూరీ దగ్గర పరిశోధన చేశారు. పొలోనియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు జడవాయువుల్లో దారి పొడవునా ఎంతెంత ఆవేశాన్ని పుట్టిస్తాయో కొలవడం ఆయన ఎంచుకున్న అంశం. ఆ పరిశోధన 1934లో ఫ్రెంచి భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయింది. అదే ఏడు జూలై 4న మేరీ క్యూరీ కన్నుమూశారు. వాయువులో పుట్టిన ఆవేశాన్ని లెక్కగట్టి కిరణం సంగతి చెప్పే విద్య నాయుడికి అలా మూలస్థానంలోనే పట్టుబడింది.

ఆ విద్య అవసరమైన చోటు బొంబాయిలో సిద్ధమవుతోంది. మెహర్‌బాయి టాటా రక్త క్యాన్సర్‌తో పోయిన తర్వాత ఆ కుటుంబపు ట్రస్టు ఒక క్యాన్సర్ ఆసుపత్రి కట్టాలని పూనుకుంది. 1941 ఫిబ్రవరి 28న టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరుచుకుంది. అక్కడ భౌతికశాస్త్ర విభాగాన్ని, రేడాన్ యూనిట్‌ను నిలబెట్టింది రామయ్య నాయుడే. రేడియం ద్రావణం నుంచి నిరంతరం ఊరే రేడాన్ వాయువును పంపుతో తోడి, శుద్ధిచేసి, సన్నని గొట్టాల్లో బంధించి చిన్న ముక్కలుగా చేస్తారు. వాటిని క్యాన్సర్ గడ్డలో గుచ్చుతారు. రేడాన్ శక్తి 3.8 రోజుల్లో సగానికి పడిపోతుంది. సోమవారం పొద్దున కొలిచిన ముక్క శుక్రవారానికి సగం కూడా మిగలదు. కాబట్టి ప్రతి ముక్కనూ కొలవాలి, కొలిచిన తేదీ, గంట రాయాలి, గుచ్చే వేళకు ఎంత మిగిలిందో లెక్క కట్టాలి. రోగి మంచం దగ్గరికి ఎప్పుడో గాని రాని ఒక భౌతికశాస్త్రవేత్త లెక్క తప్పితే డాక్టరు నైపుణ్యం అంతా వృథా.

భారత వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం నేటికీ రామయ్య నాయుడి పేరిట స్మారకోపన్యాసం జరుపుతోంది. ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఆ పేరు సొంత సీమలో మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. ఎక్కాలి.

ఆయన బొంబాయిలో మిల్లీగ్రాముల్లో తూచి వాడిన రేడియం పులివెందుల నేలలోనూ ఉంది. యురేనియం ఉన్న చోటల్లా రేడియం ఉంటుంది, ఒక టన్ను యురేనియంతో పాటు దాదాపు 0.34 గ్రాముల లెక్కన. అక్కడి తుమ్మలపల్లె యురేనియం గనిలో దొరికేది తక్కువ సాంద్రత గల ఖనిజం, టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. ఆ లెక్కన ఒక్క గ్రాము రేడియం ఏడెనిమిది వేల టన్నుల తుమ్మలపల్లె రాతిలో చెల్లాచెదురై ఉంటుంది. క్యూరీ దంపతులు టన్నుల కొద్దీ ఖనిజపు పిప్పిని ఎందుకు ఉడకబెట్టారో, రేడియం ధర ఆకాశంలో ఎందుకు ఉండేదో ఈ అంకె చెబుతుంది.

ఈ ప్రాంతానికి ఆధునిక వైద్యం కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు క్యాంప్‌బెల్ 19వ శతాబ్దం చివర్లో జమ్మలమడుగులో ఆసుపత్రి స్థాపించాడు. క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ అది పెద్ద దిక్కయింది. కానీ రేడియం, ఎక్స్ కిరణాల చికిత్స కావాలంటే ఊరు దాటాల్సిందే. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు రైలు మార్గం, బొంబాయి రైలు మార్గం కలిశాయి. ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప స్టేషన్లు ఆ దారి మీదివే. ప్రొద్దుటూరు వర్తకులు పత్తికీ బంగారానికీ బొంబాయి పోయి వచ్చిన దారీ, తర్వాతి కాలంలో క్యాన్సర్ రోగులు టాటా ఆసుపత్రికి పోయిన దారీ ఒకటే. అటు వైపు రైలెక్కితే మద్రాసు. అక్కడ ముత్తులక్ష్మీరెడ్డి 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను మొదలుపెట్టారు. మరుసటి ఏడు హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది.

ఆ కాలానికే కెనడాలో పెద్ద మార్పు జరిగింది. 1951లో సస్కటూన్‌లోనూ, ఒంటారియో రాష్ట్రపు లండన్ పట్టణంలోనూ కోబాల్ట్–60 యంత్రాలతో చికిత్స మొదలైంది. రేడియం కన్నా ఎంతో చవకైన కోబాల్ట్ అణు రియాక్టర్లో తయారవుతుంది. దాని కిరణం లోతుగా దిగుతుంది, చర్మాన్ని పెద్దగా కాల్చదు. కోబాల్ట్‌కూ ఒక స్వభావం ఉంది. 5.27 ఏళ్లకు దాని బలం సగమవుతుంది, అంటే నెలకు ఒక శాతానికి పైగా తరుగుతుంది. జనవరిలో నిమిషం పెట్టిన చోట డిసెంబరులో ఏడెనిమిది సెకన్లు ఎక్కువ పెట్టాలి. ఈ తరుగు లెక్క ఎవరో ఒకరు నెలనెలా చూసుకోవాలి.

మన దేశంలో ఇలాంటి కొలతలను సరిచూసే బాధ్యతను నెత్తికెత్తుకున్నది బొంబాయిలోని త్రాంబే. హోమీ భాభా అక్కడ నిలిపిన అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. కిరణాలను పసిగట్టే పరికరాలను ఎల్లకాలం విదేశాల నుంచి కొనుక్కోలేమని నమ్మి, వాటిని ఇక్కడే తయారుచేయించిన మనిషి. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది ఆయన చేతుల మీదుగానే. 1962లో త్రాంబే ఆసుపత్రుల కోసం భౌతికశాస్త్రవేత్తలకు ఏడాది శిక్షణ ప్రారంభించింది. దేశంలో క్యాన్సర్ ఆసుపత్రుల్లో పనిచేసిన మెడికల్ ఫిజిసిస్టుల్లో ఎంతోమంది అక్కడ చదివి వచ్చినవారే. 1976లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ప్రమాణ ప్రయోగశాలల వలయాన్ని ఏర్పాటు చేశాయి. త్రాంబే అందులో సభ్యత్వం తీసుకుంది. సెవ్ర్‌లో మొదలైన మెట్ల వరుస మన దేశంలో కాలు మోపింది ఇక్కడే.

కిరణపు కాటాను ఇలా సరిచూడటాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. అందులో అసలు చేసేదేమిటి? ఆసుపత్రి దగ్గర, కిరణం గాలిలో పుట్టించే ఆవేశాన్ని పోగుచేసే అయాన్ చాంబర్ ఒకటి ఉంటుంది. బ్రిటన్‌కు చెందిన ఫ్రాంక్ ఫార్మర్ 1955లో రూపొందించిన నమూనా నేటికీ అన్ని చోట్లా వాడుకలో ఉంది. ఏడు మిల్లీమీటర్ల మందం, లోపల 0.6 ఘనపు సెంటీమీటర్ల గాలి. దాంట్లో పుట్టే కరెంటు ఆంపియరులో వంద కోట్ల వంతుల్లో ఉంటుంది. అంత చిన్న కరెంటును చదవడానికి ఎలక్ట్రోమీటర్ అనే జోడు పరికరం ఉంటుంది. ఈ రెంటినీ త్రాంబేకు పంపుతారు. అక్కడ కోబాల్ట్ కిరణం కింద నీటి తొట్టిలో, నిర్ణీత లోతులో చాంబర్‌ను నిలుపుతారు. ఆ చోట నీటికి ఎంత డోసు అందుతోందో ప్రయోగశాలకు తన ప్రమాణం ద్వారా ముందే తెలుసు. చాంబర్ చూపిన అంకెను ఆ డోసుతో పోల్చి ఒక గుణకం కడతారు. ఇంత ఆవేశం కనబడితే ఇన్ని గ్రేలు అని ధ్రువపత్రం మీద రాసి పంపుతారు. ఇక ఆసుపత్రిలోని ఫిజిసిస్టు తన యంత్రం కింద నీటి తొట్టి పెట్టి, ఆ చాంబర్‌తో కొలిచి, ఆ గుణకంతో హెచ్చవేసి తన యంత్రం ఎంత ఇస్తోందో తేల్చుకుంటాడు.

వినడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఊరి గాలి అడ్డం వస్తుంది. చాంబర్‌లో ఉన్నది గాలి. గాలి పలచనైతే పుట్టే ఆవేశం తగ్గుతుంది. ధ్రువపత్రం మీది గుణకం సముద్రమట్టపు పీడనానికి, 20 డిగ్రీల వేడికి రాసింది. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ ఎనభై తొంభై మీటర్లకు ఒక శాతం చొప్పున పీడనం తగ్గుతుంది. కడప సుమారు 140 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ తేడా ఒకటిన్నర శాతం. పులివెందుల ఎత్తులో అది మూడు శాతం. రామయ్య నాయుడు పుట్టిన మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తు, అక్కడ ఎనిమిది శాతం. వేడి సంగతీ అంతే, మూడు డిగ్రీలు పెరిగితే ఒక శాతం తేడా. అందుకే కొలిచే గదిలో బారోమీటరు, థర్మామీటరు తప్పనిసరి, ఆ రెండూ సరైనవని కూడా సరిచూసుకోవాలి. వాతావరణ వార్తల్లో వచ్చే పీడనం అంకెను సముద్రమట్టానికి సవరించి ఇస్తారు. మదనపల్లె లాంటి ఊళ్లో ఎవరైనా ఆ అంకెను వాడితే యంత్రం ఎనిమిది శాతం తక్కువ ఇస్తోందని భ్రమపడతారు. తగ్గిందనుకున్నది కలిపి రోగికి ఎనిమిది శాతం ఎక్కువ పెట్టేస్తారు. క్యాన్సర్ వైద్యంలో మొత్తం మీద అయిదు శాతానికి మించి తేడా రాకూడదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 1976లోనే చెప్పింది. డోసు తగ్గితే గడ్డ మళ్లీ మొలుస్తుంది. పెరిగితే పక్కనున్న మంచి కండ, నరాలు, పేగులు మాడతాయి.

కొలత తప్పిన చోట ఏమైందో లోకం చూసింది. అమెరికాలోని కొలంబస్ పట్టణంలో 1974–76 మధ్య ఒక ఆసుపత్రి కోబాల్ట్ తరుగును తప్పుడు గీతతో అంచనా వేసింది. అసలు కన్నా త్వరగా తరిగిపోతోందని లెక్కవేసి చికిత్స సమయాన్ని పెంచుకుంటూ పోయారు. 426 మందికి ఎక్కువ డోసు పడింది, కొందరికి 45 శాతం దాకా. 1988లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో కొత్త కోబాల్ట్ పెట్టినప్పుడు క్యాలిబ్రేషన్ 25 శాతం తప్పింది. 207 మందికి చికిత్స అయిపోయాక, కొన్ని నెలల తర్వాత బయటివాళ్లు వచ్చి సరిచూసినప్పుడు గాని ఆ తప్పు దొరకలేదు. 1996లో కోస్టారికా రాజధాని శాన్ హోసేలో యంత్రపు గడియారం నిమిషంలో వందో వంతులు చూపుతుంటే వాటిని సెకన్లుగా చదివారు. 0.3 నిమిషం అంటే 18 సెకన్లు. వాళ్లు 30 సెకన్లు అనుకుని, యంత్రం బలం అసలు కన్నా తక్కువని లెక్కకట్టి, చికిత్స సమయాన్ని పెంచారు. 115 మందికి సగానికి పైగా ఎక్కువ డోసు పడింది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కొందరు ఆ డోసు వల్లే చనిపోయారు. ఈ మూడు చోట్లా యంత్రం పాడవలేదు, డాక్టరు చీటీ తప్పలేదు. రోగులు రోజూ వచ్చి, రోజూ పడుకుని, ఏమీ తెలియకుండానే ఇళ్లకు పోయారు.

ఎక్సెటర్ నేర్పిన పాఠం ఒకటుంది. తన కొలతను తానే ఎన్నిసార్లు సరిచూసుకున్నా అదే తప్పు మళ్లీ సరైనదిగానే కనిపించవచ్చు. బయటి కన్ను కావాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1969 నుంచే ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి తపాలా ద్వారా ఈ పని చేస్తోంది. 2017 దాకా లిథియం ఫ్లోరైడ్ పొడి నింపిన చిన్న గొట్టాలను ఆసుపత్రికి పంపేవారు. వాటికి సరిగ్గా 2 గ్రేలు ఇచ్చి తిరిగి పంపమనేవారు. ఆ పొడికి తను తిన్న కిరణాన్ని దాచుకునే గుణం ఉంది, వేడి చేస్తే వెలుగుగా విడుదల చేస్తుంది. ఆ వెలుగును కొలిచి అసలు ఎంత పడిందో చెప్పేవారు. తేడా అయిదు శాతం దాటితే కారణం దొరికేదాకా వదలరు. మన దేశంలోని ఆసుపత్రులకు త్రాంబే ఇదే పద్ధతిలో గొట్టాలు పంపుతుంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా, అర్హత ఉన్న ఫిజిసిస్టు లేకుండా ఎక్కడా రేడియేషన్ చికిత్స చేయకూడదు.

కడప జిల్లా పల్లెలకు ఈ వ్యవస్థ దగ్గరైంది ఈ శతాబ్దంలోనే. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట ఆసుపత్రి పెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ పథకాన్ని తెచ్చారు. అందులో క్యాన్సర్ వైద్యం కూడా చేరింది. అప్పటిదాకా ‘కరెంటు’ ఖర్చు విని ఇంటికి తిరిగిపోయిన కుటుంబాలు చికిత్స గది దాకా రాగలిగాయి. 2022 మేలో తిరుపతిలో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది. ఒకప్పుడు ఎర్రగుంట్లలో బొంబాయి రైలు కోసం కాచుకున్న జిల్లాకు అదే ట్రస్టుల ఆసుపత్రి కొన్ని గంటల దూరంలోకి వచ్చింది.

ఇప్పుడు చాలా చోట్ల కోబాల్ట్ స్థానంలో లీనియర్ యాక్సిలరేటర్లు ఉన్నాయి. వాటికి తరుగు బెడద లేదు, కానీ వాటి డోసు రోజురోజుకూ కొద్దిగా అటూ ఇటూ జరగవచ్చు. అందుకే ప్రతి పొద్దునా మొదటి రోగిని పిలవకముందే యంత్రాన్ని నడిపి ఆ రోజు అంకెను నిన్నటి అంకెతో పోల్చి పుస్తకంలో రాస్తారు. తేడా హద్దు దాటితే కారణం తేలేదాకా ఎవరినీ బల్ల ఎక్కించరు. బయట బెంచీ మీద ఆలస్యమెందుకని విసుక్కునే వాళ్లకు లోపల జరిగే ఈ పని సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. క్యాన్సర్ వైద్య చరిత్రలో శస్త్రవైద్యుల పేర్లు, మందులు కనుగొన్నవారి పేర్లు ఉన్నాయి. బారోమీటరు చదివి, గుణకం హెచ్చవేసి, తేదీ వేసి సంతకం పెట్టినవారికి వాళ్ల పక్కనే చోటు దక్కాలి.

వచ్చే భాగం తుమ్మలపల్లెకు వెళ్తుంది. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో ఉత్పత్తి మొదలైన యురేనియం కర్మాగారం అది. గనిలో రేడాన్‌ను ఎలా కొలుస్తారు, కార్మికుడు చొక్కాకు తగిలించుకునే బ్యాడ్జీని ఎవరు చదువుతారు, వ్యర్థాల చెరువు పక్కనున్న రైతులు తమ బోరు నీళ్ల గురించి అడుగుతున్న ప్రశ్నలకు ఏ మీటరు, ఎప్పుడు క్యాలిబ్రేట్ చేసిన మీటరు జవాబు చెప్పాలి అన్నవి అందులో.

(సశేషం)